ఉపకోసలుని ఉపవాసము

వేసవి ముగియు దినములలో మంత్రాలయమున తుంగభద్రలో స్నానము చేసి బృందావన దర్శనమునకు బారులు తీరువారిలో పదునేడు, పదునెనిమిది యేండ్ల పిల్లలు తఱచుగా కనబడుదురు. ఆదోని, ఎమ్మిగనూరు, కోసిగి, కౌతాళము ప్రాంతముల నుండి తల్లిదండ్రుల వెంట వచ్చినవారు. పరీక్షకు ముందు వచ్చినవారు హాలుటికెట్టును, కలమును స్వామి యెదుట నుంచి కన్నులకద్దుకొందురు. ఫలితములు వెలువడిన తరువాత కొందరు కలకండ పొట్లముతో వత్తురు. మరికొందరు వట్టి చేతులతో వచ్చి, తల్లి చెప్పినందున ప్రదక్షిణము చేసి, ఎవరితోను మాటలాడక మెట్ల మీద కూర్చుందురు. ఇంటరు ముగించి, వైద్యమునకు, ఇంజనీరింగునకు, వ్యవసాయ విద్యకు, ఎచ్చటెచ్చట దరఖాస్తు పెట్టినను సీటు రానివారు వీరు. ఇట్టి పిల్లవాడు ఏమి చేయవలెను? వాని కన్నవారు ఏమి చేయవలెను? శాస్త్రము దీనిని గూర్చి ఏమైనను చెప్పినదా?

ఈ సీమవారికి ఇట్టి సమయమున మొదట తలపునకు వచ్చునది దివాను వెంకన్న కథ. పదునేడవ శతాబ్దిలో ఆదోని దుర్గము సిద్ది మసూదుఖాను అధికారమున నుండినపుడు జరిగినదిగా మఠసంప్రదాయము దీనిని చెప్పుచున్నది. తల్లిదండ్రులు లేని వెంకన్న బంధువుల యింట పెరిగెను. వారు అతనికి అక్షరములైనను చెప్పింపక పశువుల వెంట పంపిరి. సంచారమున ఆ వైపు వచ్చిన శ్రీ రాఘవేంద్రతీర్థులను దర్శించి బాలుడు తన దుఃఖము విన్నవించుకొనగా, ఆపద కలిగినపుడు తలచుకొనుమని స్వామివారు మంత్రాక్షతలిచ్చిరి. కొంతకాలమునకు నవాబు ఆ దారిని పోవుచు, తనకందిన లేఖ నొకదానిని చదువుమని ఈ యువకునికిచ్చెను. తనకు చదువు రాదని అతడు చెప్పెను. నవాబు నమ్మక కోపించెను. వెంకన్న గురువును స్మరించి లేఖ విప్పగా అందలి అక్షరములు అర్థమైనవి. అది శుభవార్త యగుటచే నవాబు సంతోషించి అతనిని కొలువున చేర్చుకొనెను. క్రమముగా అతడు దివాను అయ్యెను. స్వామివారు మంచాల గ్రామమును కోరినపుడు ఆ దానమునకు ఈ దివానే తోడుపడెనని కూడ చెప్పుదురు. ఆ మంచాలయే నేటి మంత్రాలయము. 1671లో స్వామివారు అచ్చట బృందావన ప్రవేశము చేసిరి.

ఈ కథను భక్తితో వినవలసినదే. కాని సీటు రాని పిల్లవానికి దీనిని చెప్పి, స్వామి తలచుకొనిన అంతయు జరుగునని పంపివేయుట సరికాదు. లేఖ చేతికి వచ్చినపుడు వెంకన్న తనకు చదువు రాదనియే చెప్పెను, చదివినట్లు నటింపలేదు. ఆ మాటను కథకులు వడిగా దాటిపోవుదురు. అదియు గాక, లేఖను చదివించిన మహిమను చెప్పువారు ఆ మహనీయుడు తాను స్వయముగా చదివిన యేండ్లను చెప్పరు. పూర్వాశ్రమమున వేంకటనాథుడుగా కుంభకోణమున సుధీంద్రతీర్థుల సన్నిధిని ఆయన చేసిన అధ్యయనము, గృహస్థుగా అనుభవించిన దారిద్ర్యము, జయతీర్థుల న్యాయసుధకు పరిమళమను వ్యాఖ్యను వ్రాసిన శ్రమ, ఇవి యన్నియు ఆ మంత్రాక్షతల వెనుక నున్నవి.

సీటు రాకపోవుట యనగా నిజమునకు ఏమి? 2024లో వైద్యవిద్యకు నీట్ పరీక్షను దేశమంతట 23 లక్షలకు పైబడి వ్రాసిరి. ఎం.బి.బి.ఎస్. సీట్లు ఒక లక్షకు కొంచెము పైన. ఆ 23 లక్షల మందియు ధన్వంతరి శిష్యులే యైనను 20 లక్షలకు మించినవారు ఇంటికి తిరిగి రావలసినదే. ఈ లెక్కను తండ్రి కాగితము మీద వేసి పిల్లవానికి చూపవలెను. మఱియొక లెక్కయు కలదు. 1953లో ఆంధ్రరాష్ట్రము ఏర్పడువరకు ఆదోని బళ్ళారి జిల్లాలోనిది. ఎమ్మిగనూరు అప్పటి ఆదోని తాలూకాలోని ఊరు. ఆనాడు ఈ ప్రాంతమున పైచదువు కోరువాడు 1916లో అనంతపురమున వెలసిన దత్తమండల కళాశాలకో, దూరమున నున్న మదరాసుకో పోవలెను. నూటికొక్కడు పోయెను. నేడు కాదనిపించుకొనువారు వేలకొలది యున్నారనగా, అడుగువారు లక్షలకొలది పెరిగిరన్నమాట. అయితే చదువవలసిన దినములలో చదువక తప్పినవాడును ఉండును. వానిని ఈ లెక్కలతో ఓదార్చుట అబద్ధమే యగును. వానికి నిజము చెప్పవలెను, కాని ఫలితము వచ్చిన నాడు కాదు.

ఇక శాస్త్రము. ఛాందోగ్యోపనిషత్తు నాలుగవ అధ్యాయమున పదవ ఖండము మొదలుకొని ఉపకోసలుని వృత్తాంతము కలదు. సత్యకామ జాబాలుని కథ తెలియనివారు లేరు. తన గోత్రమేదో తెలియదని, తల్లికిని తెలియదని ఉన్నది ఉన్నట్లు చెప్పినందుకే గౌతముడు అతనిని శిష్యునిగా గ్రహించెను. బక్కచిక్కిన నాలుగు వందల ఆవులను అప్పగించెను. అవి వేయి యగువరకు తిరిగి రానని అతడు పోయెను. ప్రవచనములలో కథ ఇచ్చటితో ఆగును. ఆ సత్యకాముడే పెరిగి ఆచార్యుడైన పిమ్మట ఏమి చేసెనో ఉపకోసలుని వృత్తాంతము చెప్పుచున్నది.

ఉపకోసలుడు సత్యకాముని యొద్ద పన్నెండు సంవత్సరములు బ్రహ్మచర్యముతో అగ్నులను సేవించెను. గడువు నిండినది. ఆచార్యుడు తక్కిన శిష్యులందరకు సమావర్తనము చేసి ఇండ్లకు పంపెను. ఉపకోసలునికి మాత్రము చేయలేదు. ఎందులకు చేయలేదో ఉపనిషత్తు చెప్పలేదు. ఇతని సేవలో లోపమున్నదనియు చెప్పలేదు. పైగా సేవ చక్కగా జరిగినదని ఆచార్యపత్ని నోటనే చెప్పించినది. కాదన్నవాడు క్రూరుడా యన్నచో, ఒకనాడు గోత్రము తెలియని స్థితిలో గురుకులపు వాకిట నిలిచిన సత్యకాముడే అతడు. అట్టివాని చేతనే ఒక శిష్యుడు మిగిలిపోయెను. యోగ్యుడు మిగులుటయు, ధర్మాత్ముడు మిగుల్చుటయు రెండును జరుగునని శ్రుతి యిచ్చట ఒప్పుకొనుచున్నది.

ఆచార్యపత్ని ఈ సంగతి గమనించినది. ఈ బ్రహ్మచారి తపించి అలసినాడు, అగ్నులను బాగుగ సేవించినాడు, ఆ అగ్నులు మిమ్ము తప్పు పట్టక మునుపే ఇతనికి విద్య చెప్పుడని భర్తను అడిగినది. ఆయన వినలేదు, ఏమియు చెప్పకయే ఊరు విడిచి ప్రయాణమై పోయెను. అప్పుడు ఉపకోసలుడు మనోవ్యాధిచే అన్నము మానెను. తోడివారందరు స్నాతకులై పోగా, ఆరని అగ్నుల యెదుట ఒక్కడు మిగిలి, తినక కూర్చున్నాడు. ఆచార్యపత్ని వచ్చి, నాయనా, తినుము, ఏల తినవు అని అడిగినది. మనుష్యుని లోపల ఎన్నో కోరికలు ఎన్నో దిక్కులకు పరుగెత్తుచున్నవి, నేను వ్యాధులతో నిండి యున్నాను, తినను, అని అతడు చెప్పెను. ఈ మాటలు ఏ ఋషి చెప్పినవియు కావు. మిగిలిపోయిన యొక పిల్లవాడు చెప్పినవి. ఉపనిషత్తు వానిని గద్దింపక, మార్పక, అట్లే నిలిపినది. ఆమెయు అతని నిందించినట్లు లేదు.

అప్పుడు అగ్నులు తమలో తాము మాటలాడుకొనినవి. ఈ బ్రహ్మచారి మమ్ము ఇన్నాళ్ళు చక్కగా సేవించినాడు, ఇతనికి మనమే చెప్పుదమని నిశ్చయించి, ప్రాణమును, సుఖమును, ఆకాశమును బ్రహ్మముగా తెలిసికొనుమని బోధించినవి. ఉపకోసలుడు వెంటనే తల యూపలేదు. ప్రాణమును గూర్చి చెప్పినది తెలిసినది గాని తక్కిన రెండును తెలియలేదని అడిగెను. మిగిలిపోయినవానికి అడుగుట కష్టము. తెలియదనిన మరల తిరస్కరింతురేమో యను భయముండును. అతడు అడిగెను, అగ్నులు విడమరచి చెప్పినవి. పిమ్మట గార్హపత్యము, అన్వాహార్యపచనము, ఆహవనీయము ఒక్కొక్కటియు తన తన విద్యను వేఱువేఱుగా ఉపదేశించెను. చివరకు, మేము చెప్పవలసినది చెప్పితిమి, ఇక గతిని నీ ఆచార్యుడే చెప్పునని విడిచినవి.

ఆ విద్య ఎచ్చటి నుండి వచ్చినది? పన్నెండేండ్లు తాను సమిధలు వేసి, బూడిద తీసి, ఆరకుండ కాచిన చోటి నుండియే వచ్చినది. సమావర్తనము లేకపోయినంత మాత్రమున ఆ సేవ వ్యర్థము కాలేదు. ఇంటరులో రెండేండ్లు చదివిన గణితము, రసాయనము, జీవశాస్త్రము ర్యాంకు రాలేదని ఎచ్చటికిని పోవు. కళాశాల యెందులకు, స్వయముగా నేర్చుకొనిన చాలదా యను వారికిని ఈ కథయందు సమాధానము కలదు: అగ్నులే కొంత విద్యను ఆచార్యునికి మిగిల్చినవి. సత్యకాముడు తిరిగి వచ్చి, నీ ముఖము బ్రహ్మము నెఱిగినవాని ముఖము వలె వెలుగుచున్నది, ఎవరు చెప్పిరని అడిగెను. ఉపకోసలుడు మొదట తప్పించుకొనబోయి, పిదప అగ్నుల వైపు చూపెను. ఆచార్యుడు కోపింపక, మిగిలిన విద్యను తానే చెప్పెను. ఒకనాడు కాదన్న వాకిలియే తరువాత తెఱచుకొనినది.

1958లో డెహరాడూనులో వైమానికదళపు ఎంపికకు పోయిన యొక తమిళ యువకుడు 25 మందిలో తొమ్మిదవవాడయ్యెను. తీసికొనినది ఎనిమిది మందిని. చిన్ననాటి నుండి విమానము నడుపవలెనని కోరుకొనినవాడు. అతడు హృషీకేశమునకు పోయి, గంగలో స్నానము చేసి, స్వామి శివానందుల దర్శనము చేసికొనెను. పిదప ఢిల్లీకి తిరిగి వచ్చి, తనకు దొరికిన రెండవ ఉద్యోగమున చేరెను. అబ్దుల్ కలాం గారి ఆత్మకథయందు ఈ ఘట్టము కలదు. 2002లో ఆయన రాష్ట్రపతి యగుట అందరికి తెలిసినదే. కాని ప్రతివాడును రాష్ట్రపతి కాడు గనుక, ఆ చివరి సంగతి కంటె, వట్టి చేతులతో తిరిగి వచ్చి రెండవ ఉద్యోగమున చేరిన ఆ వారమే పిల్లలకు చెప్పదగినది.

ఇంటిలోనివారు అనుసరింపవలసినది ఆచార్యపత్నిని. ఆమె చేసినవి రెండే పనులు: తినుమని అడిగినది, అతని పక్షమున మాటలాడినది. ఈ ప్రాంతమున తండ్రులకు కలిగెడు బాధ చిన్నది కాదు. వానలు తప్పిన యేడు ఇంటికి తాళము వేసి, మిరపకాయలు కోయుటకు గుంటూరు సీమకు సుగ్గికి పోవు కుటుంబములు పడమటి తాలూకాలలో ఎన్నియో. పిల్లవాడు చదివిన ఆ దారి తప్పునని ఎదురు చూచిన తండ్రి, ఫలితము వినగానే కటువుగా ఒక మాట అనును. ఆ మాట అతని అలసట నుండి వచ్చినది, కాని పిల్లవాడు దానిని తీర్పుగా వినును. ఏటేట ఫలితముల మఱునాడు పత్రికలలో ప్రాణములు తీసికొనిన పిల్లల వార్తలు వచ్చుచునే యున్నవి. అందుచేత ఆ కొన్ని దినములు పిల్లవానిని ఒంటరిగా విడువరాదు. పక్కింటివాని కొడుకుతో పోల్చరాదు. అన్నము వేళకు పిలిచి తోడు కూర్చుండవలెను. వాడు తినక, నిద్రపోక, చచ్చిపోవుదునని యొక్కసారి యన్నను దానిని బెదిరింపుగా త్రోసివేయక, నీకట్టి తలపు వచ్చుచున్నదా యని నేరుగా, మెల్లగా అడుగవలెను. వైద్యుని యొద్దకు తీసికొని పోవలెను. భారత ప్రభుత్వము 2022లో నెలకొల్పిన టెలీమానస్ అను సేవ యున్నది. 14416 అను సంఖ్యకు ఫోను చేసిన రాత్రింబవళ్ళు ఎప్పుడైనను, తెలుగులోనే, ఖర్చు లేకుండ మాటలాడుదురు. దేవునికి మ్రొక్కుకొనిన యింటివారు ఈ ఫోను చేసిన మ్రొక్కునకు లోపము రాదు.

తండ్రికి రెండవ ప్రమాదము దళారి. పొలము తాకట్టు పెట్టుము, ఎచ్చటనో సీటు ఇప్పించెదను, ధ్రువపత్రము తెప్పించెదను, అని వచ్చువాడు ఈ దినములలోనే వచ్చును. వానిని కూర్చుండ బెట్టుటకు ముందు శాంతిపర్వమున నారదుడు చెప్పిన కర్ణుని సంగతి తలచుకొనవలెను. బ్రహ్మాస్త్రము నేర్పుమని కర్ణుడు ద్రోణుని అడిగెను, ద్రోణుడు నిరాకరించెను. కర్ణుడు మహేంద్రగిరికి పోయి, తాను భృగువంశపు బ్రాహ్మణుడనని పరశురామునితో చెప్పి చేరెను. విద్య నిజముగానే వచ్చినది. అతని బుద్ధికి కొదవ లేదు. కాని గురువు తన తొడపై తల యుంచి నిద్రించుచుండగా పురుగు తొలిచిన బాధను కదలక ఓర్చినందున, ఆ ఓర్పే అబద్ధమును బయట పెట్టినది. ప్రాణము మీదికి వచ్చిన వేళ అస్త్రము స్ఫురింపదని శాపము కలిగినది. పుట్టుకను బట్టి విద్యను నిరాకరించుట సరియా యని నేటివారు అడుగుదురు, అడుగవలసినదే. దొంగ పత్రముతో సంపాదించిన పట్టమునకు మాత్రము కర్ణుని గతియే పట్టును. ఉద్యోగమున నిలువవలసిన నాడు అది నిలువదు. గుర్తింపు లేని విశ్వవిద్యాలయముల పట్టికను యు.జి.సి. ప్రకటించుచున్నది. డబ్బు కట్టుటకు ముందు దానిని చూచుట పంచాంగము చూచుట కంటె అవసరము.

తెఱచి యున్న వాకిళ్ళు ఏవి? మొదట, మార్కులు అనుమానముగా నున్నచో పునఃపరిశీలనకు అడుగవచ్చును. తప్పిన సబ్జెక్టులకు అడ్వాన్స్డ్ సప్లిమెంటరీ పరీక్ష కొలది వారములలోనే వచ్చును. కౌన్సెలింగు ఒక్క విడతతో ముగియదు. మొదటి విడతలో సీటు రానివారికి తరువాతి విడతలో వచ్చుట కలదు. ఇంజనీరింగే కావలెనను వానికి చాలమంది యెఱుగని దారి యొకటి యున్నది: పాలిటెక్నిక్ డిప్లొమా గాని, గణితముతో బి.ఎస్సి. గాని ముగించి, ఈసెట్ అను పరీక్ష వ్రాసి, ఇంజనీరింగు రెండవ సంవత్సరమున చేరవచ్చును. ఆదోనిలోనే బి.ఎస్సి. చదువుచు ఆ దారిని పట్టుట, పరాయి ఊరి వసతిగృహమున అప్పు చేసి మఱియొక యేడు కోచింగు తీసికొనుట కంటె చాల యిండ్లకు మేలు. కోచింగు తప్పని కాదు. ఒక యేడు అని ముందే గడువు పెట్టుకొని పోవలెను. మూడేండ్లు, నాలుగేండ్లు అదే పరీక్ష చుట్టు తిరిగినవారి ముఖములు చూచినచో ఈ మాట యొక్క అవసరము తెలియును. పనికి పోక తప్పనివానికి 1985లో స్థాపితమైన ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయము ఉన్నది. ఇంటరే తప్పినవానికి రాష్ట్ర సార్వత్రిక విద్యాపీఠము ఉన్నది. సంస్కృతమున అభిరుచి గలవానికి తిరుపతిలో, 2020లో కేంద్రీయ విశ్వవిద్యాలయమైన జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయము కలదు. అచ్చటికి పిల్లలు తక్కిన సీట్లన్నియు పోయిన తరువాత వచ్చుచున్నారను మాట నిజమే. అట్లు వచ్చినవారిలోను శాస్త్రమున పండితులైనవారు కలరు.

ఎమ్మిగనూరు మగ్గముల ఊరు. 1938లో మాచాని సోమప్పగారు అచ్చట చేనేత సహకార సంఘమును స్థాపింపగా ఆ ఊరి దుప్పట్లు, తువాళ్ళు దూరదేశములకు పోయినవి. నేడు నేతవాడు తన కొడుకు మగ్గమెక్కరాదని కోరుకొనుచున్నాడు; కూలి చూచినచో ఆ కోరిక తప్పనలేము. అయినను మగ్గమింట పుట్టిన పిల్లవానికి నూలు, రంగు, పడుగు, పేక చేతికి తెలిసినవి. వేంకటగిరిలోని చేనేత సాంకేతిక సంస్థలో మూడేండ్ల డిప్లొమా కలదు. డాక్టరు కాలేక పోయినవాడు పోవు చోటు అని దానిని చూడక, ఉపకోసలుడు సేవించిన అగ్నివంటిది ఆ యింటిలో ఏదని తండ్రి విచారింపవలెను. పత్తి మార్కెట్టు దగ్గర పెరిగిన ఆదోని పిల్లవాడు లెక్కలు, వాణిజ్యము చదువుటయు అట్టిదే. ఆడపిల్ల విషయమున ఒక మాట చెప్పక తప్పదు: కొడుకునకు సీటు రాకున్న మఱియొక యేడు చూతమనెడు తండ్రియే, కూతురునకు రాకున్న సంబంధము చూచుచున్నాడు. పన్నెండేండ్ల అగ్నిసేవ ఆమెదియు అంతే. ఆమెకును రెండవ యేడు ఇవ్వవలెను.

ఇంతకు మంత్రాలయమునకు పోవలెనా యని అడుగువారుందురు. పోవలెను. కాని సీటు ఇప్పింపుమని గాక, ఉన్నది ఉన్నట్లు విన్నవించుకొనుటకు పోవలెను. తప్పినది తప్పినదని, భయముగా నున్నదని, ఏమి చదువవలెనో తెలియదని చెప్పుకొనవచ్చును. ప్రసాదము తీసికొని, పిల్లవాడు కడుపునిండ తినునట్లు చూచి, సాయంకాలమునకు ఇల్లు చేరవలెను. సప్లిమెంటరీ పరీక్షకు రుసుము కట్టు గడువు కొద్ది దినములే యుండును. అది దాటక మునుపే ఈ యాత్ర ముగియవలెను.